పని ఆగలేదు కాబట్టి

మరిది మందుల డబ్బాలో నేను వారానికి సరిపడా మాత్రలు సర్దుతుండగా ఆ గొంతు మొదటిసారి వినిపించింది. "తెల్లది పెట్టింది. ఇప్పుడు పసుపుది పెడుతుంది" అంది. మగ గొంతు, కుడిచెవి వెనకనుంచి. తిరిగి చూస్తే అత్తగారు బఠాణీలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. "నన్ను చూస్తావేం, అక్కడ పాలు పొంగిపోతున్నాయి" అన్నారు. లేచి స్టవ్వు కట్టేశాను.

మనిషి లేని గొంతులు వినిపించే జబ్బు నాకు తెలియనిది కాదు. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే మరిదికి మొదలైంది. అప్పుడతనికి ఇరవయ్యేళ్ళు. కాలేజీ మానేశాడు, స్నానం మానేశాడు, మాట మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదిహేను రోజులు తిరక్కుండా ఇల్లంతా ఆస్పత్రిలో ఉంది. పన్నెండేళ్ళుగా అతని మాత్రలు, బట్టలు, నెలనెలా చెకప్పులు నావే. "వదినంటే తల్లి తర్వాత తల్లి" అని అత్తగారు నలుగురిలో మురిసిపోయేవారు. మొదటి తల్లి ఎదురుగా ఉండగా తర్వాతి తల్లి అవసరం ఏమొచ్చిందని ఎవరూ అడగలేదు.

నేను చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ చేస్తాను. కుట్టు తప్పినచోట ఎర్ర స్టిక్కరు అంటించడం నా పని. గొంతు అక్కడికీ వచ్చింది. "కాలరు సరిగ్గా చూడలేదు. ఒక్క పనీ చేతకాదు." నిజం చెప్పాలంటే మొదట్లో పెద్దగా ఉలిక్కిపడలేదు. గొంతు కొత్తదే గానీ మాటలు పాతవి. భయం తర్వాత వచ్చింది. పక్క టేబులామె స్టిక్కర్లు అంటించే వరసలో నాకేదో హెచ్చరిక ఉన్నట్టు తోచేది. బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కాలర్లు చూసేదాన్ని. రోజుకి చూడాల్సిన చొక్కాల్లో ఒక్కటి తగ్గలేదు. ఆ నెల సూపర్‌వైజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ చెప్పేశాను. "నాకెవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందండీ. మనిషి ఉండడు."

ఆయన ఫోను పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "వాడికి వచ్చినప్పుడు ఆరు నెలలు మంచం దిగలేదు. నువ్వు పొద్దున్నే లేచి ఇంతమందికి వండి, డ్యూటీకి వెళ్ళొస్తున్నావు. జబ్బు మనిషికి అది సాధ్యమా?"

"వాడి మందులు చూసీ చూసీ నీకూ అదే ధ్యాస పట్టుకుంది. కాసేపు పడుకో" అన్నారు అత్తగారు వంటింట్లోంచి. ఆ వెంటనే, "పడుకునే ముందు కుక్కరు పెట్టెయ్యి" అన్నారు.

కుక్కరు పెట్టాను. పడుకోలేదు.

తర్వాతి గురువారం కూతురు బడినుంచి వచ్చి సంచీ కింద పడేసి, "అమ్మా, బాక్సు ఖాళీగా ఉంది" అంది. రెండో తరగతి పిల్ల. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున గొంతు చెప్పింది, ఆ అన్నంలో ఎవరో ఏదో కలిపారని. వండింది నేనే, పెట్టింది నేనే, అయినా నమ్మాను. బాక్సు చెత్తబుట్టలో బోర్లించి, కడిగి, మూత బిగించి సంచీలో పెట్టాను. ఆ సాయంత్రం ఇంట్లో తొలిసారి గొడవయింది. "కన్నకూతురికి డబ్బా కట్టడం కూడా మర్చిపోయావా?" అన్నారు మా ఆయన. గొంతు సంగతి చెప్పినప్పుడు ఆయన మొహంలో ఇంత కలవరం చూడలేదు.

పిల్లకి అన్నం పెట్టబోయాను. గిన్నె మూతమీద చెయ్యి వేసి నిలబడిపోయాను. మరిది వచ్చి నా పక్కన నిలబడ్డాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, అలాంటి మనిషి.

"వదినా, నీక్కూడా మాట్లాడుతున్నారా?"

తలూపాను.

"అనుకున్నాను. ఎవరూ పిలవకుండానే తిరిగి చూస్తున్నావు" అన్నాడు. గిన్నె నా చేతికిందనుంచి మెల్లగా లాగి, ఒక ముద్ద తాను తిని, తర్వాత పిల్లకి వడ్డించాడు.

సోమవారం అతని చెకప్పు. ఎప్పటిలాగే ఇద్దరం వెళ్ళాం. డాక్టరమ్మ ఫైలు తెరిచి, "ఎలా ఉన్నాడు?" అని నన్నే అడిగింది. మరిది తన కుర్చీలోంచి లేచాడు. "ఈసారి మా వదినని చూడండి" అని నన్ను అందులో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

చెప్పాను. గొంతు, స్టిక్కర్లు, బాక్సు, అన్నీ. ఆవిడ మధ్యలో ఆపలేదు. కొందరు ఆడవాళ్ళకి ఇది ఆలస్యంగా మొదలవుతుందని, రోజువారీ పనులు ఆగకపోవడంతో ఇంట్లోవాళ్ళు పోల్చుకోరని చెప్పింది. కొత్త ఫైలు తీసింది. పన్నెండేళ్ళుగా మరిది తరఫున నేను జవాబిస్తున్న ప్రశ్నలే వరసగా అడిగింది. నిద్ర. తిండి. భయం. ఆ తర్వాత, "ఇంటిపని, ఉద్యోగం చేసుకోగలుగుతున్నారా?"

"అన్నీ చేస్తున్నానండీ" అన్నాను. ఆవిడ పెన్ను కదిలింది. చెయ్యి చాపి ఆ కాగితం మీద పెట్టాను.

"అందుకని బాగున్నానని మాత్రం రాయకండి."