రికార్డవుతోంది, మాట్లాడండి

"రికార్డవుతోంది, మాట్లాడండి," అంటూ ఆయన ఎర్ర మీట నొక్కి టేప్‌రికార్డరును ఆ జంట వైపు జరిపాడు. కుర్రవాడు సిగ్గుపడి భార్యని చూశాడు. ఆ అమ్మాయి నేలచూపులు చూసింది. అందరూ చేసేదే అది. ఇంట్లో గంటల తరబడి వాగే మనిషి కూడా మైకు ముందుకు రాగానే మూగనోము పడతాడు. ఆ ఖాళీని పూడ్చడమే ఆయన ఉద్యోగం.

"ఇదిగో, ఈ చిన్న చిల్లుల వెనక మైకుంది. పక్కగదిలో చీమ దగ్గినా పట్టేస్తుంది. ఏమ్మా, మీ ఆయన గురకపెడతాడా? పెడితే పొద్దున్నే సాక్ష్యం చూపించొచ్చు," అని ఆయనే నాలుగు మాటలు చెప్పి, టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వారంటే కొన్నట్టే.

షాపులో ఆయన్ని అందరూ డెమో గారు అనేవాళ్ళు. పొట్టి మనిషి, నున్నటి బట్టతల, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మెత్తటి పసుపుగుడ్డ. ఏ వస్తువు మీద వేలిముద్ర కనిపించినా తుడిచేదాకా చెయ్యి ఊరుకోదు. చిన్నప్పుడు వస కాస్త ఎక్కువే పోసినట్టున్నారు, నోరూ ఊరుకోదు. ఆయన నోట్లో పడని వస్తువు ఆ షాపులో లేదు. రిమోటు గురించి అడిగితే, "లేవకుండా చానెల్ మారుతుంది, నిజమే. అది కాస్తా సోఫా సందులో దూరిందా, ఇంటిల్లిపాదీ లేచి వెతకాలి," అనేవాడు. లెక్కలు చేసే చేతిగడియారానికి చీమ వేళ్ళుండాలట. తనంతట తాను జవాబిచ్చే ఫోనేమో, ఇంట్లో ఎవరూ లేరని దొంగకి మర్యాదగా చెప్పే యంత్రం. చెవులకి తగిలించుకుని వినే చిన్న టేపు వల్ల ఆలుమగల గొడవలు తగ్గుతాయి, మాటలూ తగ్గుతాయి, ఆలోచించుకుని కొనుక్కోండి అనేవాడు. యజమాని మొదట్లో తల పట్టుకున్నాడు. ఈయన తిట్టిన వస్తువే ముందు అమ్ముడుపోతోందని తెలిశాక వదిలేశాడు.

ఇవాళ మాత్రం ఆయన మనసు మనసులో లేదు. రేపు ఆయన భార్యకి గొంతు ఆపరేషను. పుండు లోపలిదాకా పాకింది, స్వరపేటిక తీసెయ్యాలి, ప్రాణానికి భయం లేదు గానీ ఇక మాట ఉండదు అన్నాడు డాక్టరు. ఆవిడ తలూపింది. ఈయనే బయటికొచ్చి గోడ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నేళ్ళుగా వచ్చేపోయే వాళ్ళందరి గొంతులూ పట్టి చెరిపేసిన మనిషి, ఇంట్లో ఆవిడ గొంతు ఒక్కసారీ పట్టుకోలేదు. ఇంట్లో అసలు టేప్‌రికార్డరే లేదు. ఆవిడ ఎదురుగా ఉండగా దానితో పనేముంది? ఇవాళ సాయంత్రం ఆస్పత్రిలో చూడనిచ్చే ఆ కాసేపట్లోనే ఆవిడ మాట టేపు మీదికెక్కాలి.

షాపు వస్తువు గడప దాటకూడదన్నది అక్కడి నియమం. ముక్కూమొహం తెలియనివాళ్ళతో కబుర్లాడే ఆయన, యజమానిని అడగడానికి మాత్రం జంకాడు. తుడిచిన టీవీనే మళ్ళీ తుడుస్తూ అక్కడక్కడే తచ్చాడాడు. మధ్యాహ్నం దాటాక యజమానే తలెత్తాడు.

"ఏంటి డెమో గారూ, పొద్దున్నుంచీ నా చుట్టూ తిరుగుతున్నారు?"

"ఆ చిన్న టేప్‌రికార్డరు... రేపు తెచ్చిచ్చేస్తాను. మా ఆవిడ మాట..."

 ఆపరేషను సంగతి తెలిసిన యజమాని లేచి కొత్త క్యాసెట్టు రేపరు చింపి, టేప్‌రికార్డరులో తనే పెట్టి, చేతికిచ్చాడు. "ముందు మీరు వెళ్ళండి. షట్టరు నేను దించుకుంటాను."

ఆస్పత్రి వార్డులో సగందాకా ఆకుపచ్చ రంగేసిన గోడలు, వాటి పక్కన వరసగా ఇనప మంచాలు. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుంది. చెంపలు లోపలికి పోయాయి. గొంతు జీరబోయింది గానీ ఇంకా ఆవిడదే.

"ఏంటండీ అది? ఇక్కడ కూడా అమ్ముతారా?"

"నీ మాట దాచుకుందామని తెచ్చానే. ఏదైనా మాట్లాడు."

"నేనేం మాట్లాడను?"

"ఏదైనా సరే. నన్ను తిట్టు."

ఎర్ర మీట నొక్కాడు. ఆవిడ నోరు తెరిచింది. తిరుగుతున్న టేపుని చూసింది. కళ్ళు నిండాయి, నోరు మళ్ళీ మూసుకుంది. ఆ ఖాళీని ఆయన ఓర్చుకోలేకపోయాడు. "భయం లేదు, ఈ చిన్న చిల్లుల వెనక మైకుంది..." అని ఎత్తుకున్నాడు. అక్కణ్ణుంచి తాము కాపురం పెట్టిన మొదటి అద్దెగదికి వెళ్ళాడు. అది కురిస్తే పొయ్యి మీద గొడుగు పట్టుకుని ఆవిడ వండిన సంగతి, ఆ గొడుగు అంటుకున్న సంగతి చెప్పాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. ఎంత హాయిగా గడిచిందో! క్యాసెట్టు ఒక వైపు అయిపోయి మీట టక్కున పైకి లేచింది. వెంటనే గంట కొట్టారు.

"టైమయింది, ఇక బయలుదేరండి పెద్దాయనా," అంది నర్సు.

ఇంటికొచ్చి, చొక్కా అయినా విప్పకుండా వినడానికి కూర్చున్నాడు. ఆయన గొంతు. మళ్ళీ ఆయన గొంతు. గొడుగు దగ్గర ఒక దగ్గు. "వింటున్నావా?" అని ఆయన అడిగినచోట, "ఊఁ". మళ్ళీ ఆయన గొంతే, చివరిదాకా.

"అయ్యో, ఒక్క పూట నోరు మూసుకుంటే నా సొమ్మేం పోయిందిరా!" అని నుదురు కొట్టుకున్నాడు. ఏం చేస్తాడు? క్యాసెట్టు తిప్పి పెట్టాడు. పొద్దున్నే, ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళకముందే వెళ్ళాలి. ఈ వైపంతా ఆవిడది. నోట్లో గుడ్డ కుక్కుకునైనా కూర్చోవాలి.

తెల్లవారుతూనే పరుగున వెళ్ళాడు. మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. "ఇవాళ ఆవిడదే ముందు పెట్టారు, ఇప్పుడే తీసుకెళ్ళారు," అంది నర్సు. ఆపరేషను గది ముందున్న బెంచీ మీద, టేప్‌రికార్డరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మెలకువ రాగానే ఏం చెప్పాలో ఆలోచించుకున్నాడు. కొత్తగా మూగబోయిన మనిషితో కనీసం మొదటి రోజైనా తక్కువ మాట్లాడాలి అనుకున్నాడు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు. మత్తులో ఉండగానే గుండె ఆగిపోయిందని, చేయగలిగిందంతా చేశామని మెల్లగా చెప్పాడు.

ఆయన విన్నాడు. డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"మాట్లాడమని నేనే అన్నానండీ. మాట్లాడనివ్వలేదు," అన్నాడు.

డాక్టరుకి అర్థం కాలేదు. భుజం మీద చెయ్యి వేసి లేవదీసి, ఆవిణ్ణి చూపించడానికి లోపలికి నడిపించాడు. బెంచీ మీద టేప్‌రికార్డరు మిగిలింది, రెండో వైపుకి తిప్పిన క్యాసెట్టుతో.