జేమ్స్ మాస్టారు చెప్పిన పేరు

జేమ్స్ గారికి తన గొంతు మీద మహా నమ్మకం. గుడివాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నారు. కాపురం బందరులో. రోజూ పొద్దున్నే రైల్లో వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేవారు. ఇన్నేళ్ళలో ఆయన అన్నిటికంటే ఇష్టంగా చెప్పిన పాఠం ఒక అమెరికా నాటకం. మూడువందల ఏళ్ళ కిందట ఒక పల్లెలో కొందరిని మంత్రగత్తెలని ముద్రవేసి, విచారణ జరిపి ఉరితీసిన కథ. అందులో ఒక రైతు ప్రాణం పోతుందని తెలిసీ తోటివాళ్ళ పేర్లు చెప్పనంటాడు. ఆ ఘట్టం వచ్చేసరికి జేమ్స్ గారు పుస్తకం మూసి, కళ్ళద్దాలు తీసి, కిటికీ వైపు తిరిగి గొంతెత్తేవారు. పక్క గదిలో కామర్సు చెప్పే కాంతారావు గారు తన పాఠం ఆపుకుని కూర్చునేవారు.

"ఆ రైతు చోట మీరుంటే ఏం చేసేవారండీ?" అని భార్య సువర్ణ ఒకసారి అడిగింది.

"నేనూ అదే చేసేవాణ్ణి" అన్నారు జేమ్స్ గారు, పప్పన్నం కలుపుకుంటూ.

సువర్ణ లెక్కల టీచరు. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకునే మనిషి కాదు. పెరుగు గిన్నె ముందుకు జరిపింది.

ఈ ఏడు పిల్లలకి ఆయన ఒక వ్యాసం ఇచ్చారు. ఈ నాటకంలో జరిగిన అన్యాయం లాంటిది మన చుట్టుపక్కల ఏముందో రెండు పేజీలు రాయమన్నారు. ముప్ఫై ఎనిమిది మంది రాశారు. ముప్ఫై ఏడు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఫోన్లో ఏఐ యాప్‌ని అడిగి ఎక్కించిన రాతలు. ఒకడైతే చివర్లో 'మీకు ఇంకేమైనా సహాయం కావాలా?' అన్న వాక్యం కూడా భక్తిగా దించాడు.

ముప్ఫై ఎనిమిదోది దుర్గాదేవిది. ఆ పిల్లది నాగాయలంకకి దిగువన, సముద్రం చేరువలో ఉన్న పీతలదిబ్బ. చేపల వేట మీద బతికే ఇల్లు. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంగ్లీషు నిండా తప్పులే. కానీ రాసింది మాత్రం సొంతంగా.

'మా వీధిలో కొండమ్మత్త అని ఉంది. ఎండు చేపలు అమ్ముతుంది. ఆమె నాలిక మీద మచ్చ ఉందంటారు. ఏదంటే అది జరిగిపోతుందంటారు. పదకొండేళ్ళ కిందట ఒక పడవ వాళ్ళని ఈ పూట వేటకి వెళ్ళొద్దంది. వాళ్ళు వినలేదు. ముగ్గురు తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆమెని పెళ్ళిళ్ళకి పిలవరు. ఎదురొస్తే వలలు వెనక్కి తీసుకెళ్ళిపోతారు. చేపలు ఆరబెట్టుకోడానికి అందరితో కాకుండా ఊరి చివర తుమ్మల దగ్గర చోటు చూపించారు.'

జేమ్స్ గారికి కళ్ళు చెమర్చాయి. పదికి తొమ్మిది వేశారు. మధ్యలో పడవ గురించి ఇంకేదో రాస్తే దాన్ని మాత్రం ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన 'అనవసరం, నాటకంతో సంబంధం లేదు' అని రాశారు.

పై వారం కాలేజీలో సెమినార్ జరిగింది. జేమ్స్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. దుర్గాదేవి పేరు ఎత్తకుండా ఆమె వ్యాసం చదివి, ఊరి పేరూ కొండమ్మ పేరూ మాత్రం మైకులో ఘంటాపథంగా చెప్పారు. పేర్లుంటేనే మాటకి బలమని ఆయన ఉద్దేశం. ఆ పిల్లని అడగాలన్న ఆలోచనే రాలేదు. మూడో వరసలో తల దించుకుని కూర్చుంటే అణకువ అనుకుని మెచ్చుకున్నారు కూడా. ప్రిన్సిపాల్ కోటేశ్వరరావు గారు అందులో మూడు నిమిషాలు కత్తిరించి, 'దివిసీమలో మంత్రగత్తె! లెక్చరర్ సంచలన ప్రసంగం' అని పేరుపెట్టి కాలేజీ పేజీలోకి ఎక్కించారు. సంచలనం అన్న మాట జేమ్స్ గారికి నచ్చలేదు. నచ్చకపోయినా పదకొండుసార్లు చూసుకున్నారు.

నాలుగో రోజు దుర్గాదేవి స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడింది.

"సార్, ఆ వీడియో తీయించండి సార్."

"ఏమ్మా, ఏమైంది?"

"మా ఊళ్ళో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది సార్. ఊరి పరువు తీశారంటున్నారు. మూడు రోజుల నుంచి వేట సరిగ్గా పడట్లేదు. కొండమ్మత్త పేరు అంతమంది ఎత్తబట్టే అంటున్నారు. ఆమెని ఊళ్ళోంచి వెళ్ళిపొమ్మంటున్నారు. సార్‌కి ఇదంతా చెప్పిందెవరని కూడా అడుగుతున్నారు. మా ఊరోళ్ళం ముగ్గురం చదువుతున్నాం కదా ఇక్కడ."

"నువ్వని ఎవరికైనా తెలుసా?"

"మా నాన్నక్కూడా తెలీదు సార్. తెలిస్తే చదువు మాన్పించేస్తారు. ఆదివారం పెద్దలు కూర్చుంటారంట."

జేమ్స్ గారు లేచి నిలబడ్డారు. "నువ్వేం భయపడకు. నేనొచ్చి మాట్లాడతాను" అన్నారు.

ఆ మాట విన్నాక దుర్గాదేవి మొహంలో భయం ఇంకాస్త పెరిగింది. జేమ్స్ గారు అది చూసుకోలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళకుండా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని బయల్దేరుతుంటే సువర్ణ అడిగింది. "ప్రసంగం ఎన్ని పేజీలు?"

"నాలుగు."

"రెండు ఇక్కడే పెట్టి వెళ్ళండి."

ఆయన వినిపించుకోలేదు. చల్లపల్లి దాటాక బస్సులో కాగితాలు తీసి మరోసారి చూసుకున్నారు. ఆయన తండ్రి పున్నయ్యది పామిడిముక్కల దగ్గర పల్లె. అప్పట్లో అక్కడి టీ హోటల్లో పున్నయ్యకి గ్లాసు విడిగా ఉండేది. తాగి, తనే కడిగి, చూరులో బోర్లించి రావాలి. ఆ గ్లాసు మూడో పేజీలో వస్తుంది. ఎక్కడ ఆగి ఆ మాట చెప్పాలో జేమ్స్ గారు పెన్సిలుతో గీత కూడా పెట్టుకున్నారు. గీత పెట్టుకున్నందుకు ఒక్క క్షణం సిగ్గనిపించింది. అయినా చెరపలేదు. అక్కడ చప్పట్లు పడతాయని ఆయనకి తెలుసు.

పీతలదిబ్బలో జనం తుఫాను షెల్టర్ వరండాలో చేరారు. అరవై మందిదాకా ఉన్నారు. పెద్దమనిషి పోతయ్యకి డెబ్భై ఏళ్ళుంటాయి. ఊళ్ళో ఎక్కువ పడవలు ఆయనవే. "రండి మేష్టారూ, ఎండనబడి వచ్చారు" అని కుర్చీ వేయించి, ఫ్యాను తనవైపు నుంచి ఇటు తిప్పించి, చేతికి కూల్ డ్రింకు ఇప్పించాడు. కొండమ్మ ఎవరో చెప్పనక్కర్లేకపోయింది. అందరికీ దూరంగా, మెట్ల మీద ఎండలో కూర్చుని ఉంది.

జేమ్స్ గారు మొదటి పేజీ అందుకున్నారు. మూఢనమ్మకాలు, అజ్ఞానపు చీకట్లు, అమెరికా పల్లె. పోతయ్య ఓపిగ్గా విన్నాడు. పేజీ తిప్పబోతుంటే మర్యాదగా అడిగాడు.

"బాగా చెప్పారండీ. మా ఊరి సంగతి తవఁరికి చెప్పిందెవరండీ?"

ఎవరూ గొంతు పెంచలేదు. ఎవరి చేతిలోనూ కర్ర లేదు. అరవై మంది ఆయనవైపు చూశారు, అంతే. జేమ్స్ గారికి తిరుగు బస్సు ఎన్నింటికో గుర్తురాలేదు.

"మా స్టూడెంటు దుర్గాదేవి రాసిందండీ. నేను చదివానంతే" అన్నారు.

ఆ రైతు ఉరితాడు ముందు చెప్పని పేరు, ఈయన ఫ్యాను కింద కూర్చుని, చల్లటి సీసా చేత్తో పట్టుకుని, అర నిమిషంలో చెప్పేశారు. తన గొంతు తనకే వినబడింది. పద్దెనిమిదేళ్ళు గదులు దాటి మోగిన గొంతు అంత సన్నగా కూడా వస్తుందని ఆయన ఎన్నడూ ఊహించలేదు.

దుర్గాదేవి తండ్రి భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆదివారమని ఊరొచ్చిన ఆ పిల్ల, తల్లి పక్కన కూర్చుని ఉంది. ఏడవలేదు, కోపంగా చూడలేదు. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. జేమ్స్ గారికి అదే అన్నిటికంటే గుచ్చుకుంది.

"సరే. ఆడపిల్లకి ఈ చదువు చాలు" అన్నాడు పోతయ్య, ఆమె తండ్రి వైపు చూసి. "కొండమ్మ రేపు వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిపోతుంది."

అప్పుడు కొండమ్మ మెట్ల మీంచి లేచింది.

"పోతయ్య మావా, నేనెవరికీ శాపం పెట్టలేదు. నీ పడవ అడుగు పలక కుళ్ళిందని చెప్పాను. వేలు పెడితే దిగబడింది. అందుకే వెళ్ళొద్దన్నాను. ఈ మాట ఆ రోజూ చెప్పాను, పదకొండేళ్ళ నుంచీ చెబుతున్నాను. నా నాలికే చూశారు మీరంతా. పలక ఒక్కళ్ళూ చూడలేదు."

"మళ్ళీ మొదలెట్టింది" అన్నారు వెనకనుంచి ఎవరో. పోతయ్య చెయ్యూపి, "వదిలెయ్యండ్రా" అన్నాడు.

పలక అన్న మాట దగ్గర జేమ్స్ గారు ఉలిక్కిపడ్డారు. ఆ మాట తను ఎక్కడో చదివారు. సంచీలోంచి దుర్గాదేవి వ్యాసం తీశారు. ఎర్ర గీత కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. ప్రసంగం కుర్చీలో పెట్టేసి లేచారు.

"ఇందాక నేను తప్పు చేశానండీ" అన్నారు. మాట కూడబలుక్కుంటున్నట్టుగా వచ్చింది. "ఈ అమ్మాయి ఇది నా ఒక్కడికే రాసింది. తనని అడక్కుండా మీ ఊరి పేరూ ఈ అమ్మ పేరూ మైకులో చెప్పింది నేను. ఇప్పుడు మీరడిగితే భయపడి తన పేరు చెప్పిందీ నేనే. ఇందులో ఒక ముక్క అనవసరమని కొట్టేశాను. అది చదువుతాను. ఆ తర్వాత నన్ను ఏమన్నా పడతాను."

అలవాటు కొద్దీ ఇంగ్లీషులో మొదలుపెట్టారు. "తెలుగులో చెప్పండి మేష్టారూ" అన్నారెవరో. ఆయన తడుముకుంటూ తెలుగు చేశారు.

"ఆ పడవ పోతయ్య తాతది. అడుగు పలక కుళ్ళిందని కొండమ్మత్త చూసి చెప్పింది. ఆ పడవలో మా మేనమామ ఉన్నాడు. కొండమ్మత్తది చెడ్డ నాలికంటే అందరికీ తేలిక. పడవ పాడైందంటే పోతయ్య తాతని అడగాలి."

ఆడవాళ్ళలోంచి కనకరత్నం లేచింది. తిరిగి రాని ముగ్గురిలో ఒకతని భార్య ఆమె. పదకొండేళ్ళుగా కొండమ్మ గాలి కూడా సోకకుండా తిరిగిన మనిషి.

"మావా, పలక సంగతి నిజమేనా?"

"పాత పడవన్నాక..." అని పోతయ్య ఆగిపోయాడు. "ఆ రోజుల్లో అందరి పడవలూ అంతేనమ్మా."

కనకరత్నం నిలబడే ఉంది. ఆమె కూర్చోకపోయేసరికి ఏ తీర్పూ చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. పోతయ్య అందరికంటే ఆఖర్న లేచాడు.

జేమ్స్ గారు మెట్లు దిగుతుంటే కొండమ్మ ఆపింది. దండం పెడుతుందేమో, వారించాలి అనుకున్నారాయన. అవును, ఆ స్థితిలో కూడా అలాగే అనుకున్నారు.

"నాయనా, ముందు ఆ ఫోన్లోంచి నా పేరు తీయించు" అంది కొండమ్మ. "దివిసీమలో మంత్రగత్తె అని రాశారంట కదా. నాది మచ్చనాలిక అన్నారు, నా ఎదురు మంచిది కాదన్నారు. మంత్రగత్తె అని మాత్రం మా ఊళ్ళో నన్నెవరూ అనలేదు. ఆ మాట చదువుకున్నోళ్ళు పెట్టిందే."

జేమ్స్ గారు చిత్తమని తల ఊపారు.

వీడియో తీయమంటే ప్రిన్సిపాల్ గారు బాధపడ్డారు. "పద్నాలుగు వేల మంది చూశారండీ. మన కాలేజీ దేన్నీ ఇంతమంది చూడలేదు" అన్నారు. తీయకపోతే రాజీనామా చేస్తానన్నారు జేమ్స్ గారు. ప్రిన్సిపాల్ గారు ఆ ప్రతిపాదన గురించి కొంచెం ఎక్కువ శ్రద్ధగా ఆలోచిస్తున్నట్టు కనిపించడంతో, ఉపన్యాసం మాని ఇంటికి వచ్చి సువర్ణని సలహా అడిగారు.

"ఆ అమ్మ పరువుకి నష్టం జరిగిందని పోలీసులకి ఫిర్యాదు రాయండి. దాని నకలు ఆయనకి చూపించండి. మొదటి ముద్దాయి పేరు మీదే పెట్టండి, నమ్ముతారు" అంది సువర్ణ.

అలాగే రాశారు. పద్దెనిమిదేళ్ళలో అంత చిన్నదిగా ఆయన ఏదీ రాయలేదు. అది చదివిన గంటలో ప్రిన్సిపాల్ గారు వీడియో తీయించేశారు.

వారం రోజులకి దుర్గాదేవిని తండ్రే తీసుకొచ్చి హాస్టల్లో దించాడు. వెళ్తూ వెళ్తూ స్టాఫ్ రూంలోకి తొంగిచూసి, "సార్, మా పిల్ల రాసింది ఇంకెవరికీ చదవొద్దండీ" అన్నాడు. జేమ్స్ గారు లేచి నిలబడి, "చదవనండీ" అన్నారు.

కనకరత్నం ఇప్పుడు తుమ్మల దగ్గరే, కొండమ్మ పక్కనే చేపలు ఆరబెడుతోందట. మిగతా ఊరు అంతగా మారలేదు. కొందరు ఇప్పటికీ ఆమె ఎదురొస్తే ఆగి వెనక్కి తిరుగుతారు. పోతయ్య మాత్రం వేటకి దించేముందు ప్రతి పడవ అడుగూ పైకి లేపించి చూస్తున్నాడట. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఈ కబుర్లన్నీ దుర్గాదేవి చెప్పినవే, అదీ జేమ్స్ గారు మూడుసార్లు అడిగితే.

రెండో వ్యాసం ఇచ్చిన రోజు క్లాసు అయ్యాక ఆ పిల్ల కాగితాలు చేతిలో పట్టుకుని బల్ల దగ్గర ఆగింది.

"సార్, ఇది మీరొక్కరే చదువుతారా?"

"నేనొక్కణ్ణేనమ్మా."

ఇవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి, ఇచ్చి వెళ్ళింది.

ఆ సాయంత్రం రైల్లో జేమ్స్ గారు కిటికీ పక్కన కూర్చుని, కాగితాల్ని గుండెలకి దగ్గరగా పట్టుకుని చదవసాగారు. ఎర్ర పెన్ను జేబులోంచి తీయలేదు. పక్కనున్న పెద్దాయన రెండుమూడుసార్లు మెడ చాచి, కుదరక, ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏమండీ, వీలునామానా?"

"కాదండీ, మా స్టూడెంటు రాసింది."

"ఓహో! ఎవరండీ, ఏ ఊరు?"

జేమ్స్ గారు కాగితాలు మడిచి చొక్కాలోపలికి తోసి, గుడ్లవల్లేరు స్టేషన్ వచ్చిందా అని కిటికీలోంచి బయటికి చూశారు.