మెరిన్ లేని గురువారాలు

బల్లి పడిన చోటును బట్టి భవిష్యత్తు చెప్పేవాణ్ణి నేను ఏనాడూ నమ్మలేదు. కంప్యూటర్ తెర మీది గీత రంగును బట్టి మనిషి విలువ తేల్చేవాణ్ణి అంతకన్నా నమ్మను. మొదటివాడి విషయంలో కనీసం బల్లి అయినా నిజంగా పడి ఉంటుంది.

హోబార్ట్‌లో ఆనకట్టల భద్రతను పరీక్షించే సంస్థ మాది. ఉద్యోగ విరమణ తర్వాత కూడా, ఇతరుల లెక్కలు సరిచూడడానికి సోమవారం నుంచి బుధవారం దాకా అక్కడికి వెళుతున్నాను. మెరిన్ టలాక్ వచ్చేది కూడా ఆ మూడు రోజులే. ఆమె కొడుకుకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు దొరికింది ఆ రోజులకు మాత్రమే. గురు, శుక్రవారాలు ఆమె రాదని ఒప్పందంలోనే ఉంది. ఆ ఒప్పందం జూన్‌తో ముగుస్తుంది. దాన్ని కొనసాగించేదీ లేనిదీ మా మేనేజర్ గారెత్ పాస్కో పైవాళ్ళకు పంపే నివేదిక మీద ఆధారపడి ఉంది. ఆ ఇంట్లో సంపాదించేది మెరిన్ ఒక్కతే.

గారెత్ ఈ ఏడాది ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేయాలో అందులో ముందే పంచిపెడతాడు. రిటైరైనవాణ్ణి కనుక నన్ను అందులో చేర్చలేదు. పంచినదానికీ చేసినదానికీ తేడా వస్తే గీత ఎర్రబడుతుంది. మెరిన్ వారంలో అయిదింట మూడు వంతులు పనిచేస్తుంది కనుక, అయిదు రోజులూ వచ్చి రోజుకు అయిదింట మూడు వంతులే పనిచేస్తుందని నమోదు చేశాడు. సగటును మనిషిగా పొరబడడం లెక్కలు సగం నేర్చినవాళ్ళు చేసే తప్పు. ఫలితంగా మొదటి మూడు రోజులు ఆమె మితిమీరి పనిచేసినట్టు, తర్వాతి రెండు రోజులు చెప్పకుండా మానేసినట్టు తేలింది. వారమంతా ఎరుపే.

మాకు చలికాలం మొదలయ్యే మే నెలలో, ఊరి వెనకున్న కునాన్యి కొండ మీద తొలి మంచు పడిన సోమవారం, వారపు సమావేశంలో గారెత్ ఆ తెరను గోడ మీద వేశాడు.

“కోపం తెచ్చుకోకు మెరిన్. టీము మొత్తంలో ఎర్రగా ఉన్నది నువ్వొక్కదానివే.”

“గురువారం నేను రానని నీకు తెలుసు కదా గారెత్.”

“నాకు తెలుసులే. సిస్టమ్‌కి తెలియదు గదా.”

“మరి చెప్పు దానికి,” అన్నాను నేను. “దానికి నోరు లేదు, నీకుంది.”

మా నక్షాలు గీసే డుషాన్ టీ కప్పు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

“నీ కాలం వేరు ఆల్విన్, నీకిది అర్థం కాదులే గురూ,” అన్నాడు గారెత్. “ఇకమీదట ఎవరూ రోజు కేటాయింపు దాటి ఒక్క నిమిషం కూడా పనిచేయొద్దు. మెయిల్ పెట్టాను. పైకి రిపోర్టు కూడా వెళ్ళిపోయింది.”

“నా గురించి ఏమని?” అంది మెరిన్.

“పనివేళలు పాటించదని. సిస్టమ్ చెప్పిందే రాశా, నా సొంతం ఏమీ లేదు.”

నాకు ఒళ్ళు మండింది. సమావేశం ముగిశాక అతని గదికి వెళ్ళి, ఆమె గంటలను ఆమె వచ్చే రోజులకు మార్చమన్నాను. క్షణంలో అయ్యే పని.

“ఇప్పుడు మారిస్తే పాత వారాలన్నీ పచ్చబడతాయి. మొన్నటి రిపోర్టు ఏంటని పైవాళ్ళు నన్నడగరా?”

“అడిగితే నిజం చెప్పు.”

“చెప్పడం తేలికే. జూన్‌లో నా రివ్యూ కూడా ఉంది, తెలుసా?”

తన పళ్ళెం కాపాడుకోవడానికి ఆమె నోటి దగ్గరి కూడు లాగేస్తున్నాడన్నమాట.

సంగతి మెరిన్‌కు చెప్పాను. ఆమె గారెత్ మెయిల్ తెరిచి నెమ్మదిగా చదివింది.

“మా నాన్న రేవులో యూనియన్ మనిషి. అరిచేవాడు కాదు. రూలు పుస్తకం తీసి అందులో ఉన్నంతే చేసేవాడు,” అంది.

ఆ మధ్యాహ్నం, అలుగు మీదుగా పొర్లే వరదనీటి లెక్క సగంలో ఉండగా, ఆమె కంప్యూటర్ మూసి కోటు వేసుకుంది.

“ఎక్కడికి? సగంలో వదిలేస్తావా?” అన్నాడు గారెత్.

“నా గంటలు అయిపోయాయి. సిస్టమ్ చెప్పిందే చేస్తున్నా, నా సొంతం ఏమీ లేదు.”

మంగళవారమూ బుధవారమూ అంతే. గురు, శుక్రవారాలు ఒప్పందం ప్రకారం ఇంట్లో ఉంది. ఇన్నాళ్ళూ ఆ రెండు రోజులకు సిస్టమ్ పంచిన పనిని కూడా ఆమె ముందు రోజుల్లోనే ముగిస్తూ వచ్చింది. దాన్నే గారెత్ నిషేధించాడు.

తర్వాతి సోమవారం గోడ మీద మెరిన్ మూడు రోజులూ పచ్చగా ఉన్నాయి. ఆనకట్ట నివేదిక ఇవ్వవలసిన తేదీ మాత్రం ఎర్రబడింది.

“మెరిన్ పచ్చన, ఆనకట్ట ఎర్రన,” అన్నాడు డుషాన్. “ఏది కావాలో తేల్చుకో గారెత్.”

గారెత్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. “ఇవాళ కాస్త ఎక్కువసేపు ఉండు మెరిన్.”

“ముందు ఆ రిపోర్టు వెనక్కి తీసుకో. ఇప్పుడే, నేను చూస్తుండగా.”

“సాయంత్రం చూద్దాంలే.”

“సాయంత్రానికి నేనుండను. నా గంటలు నడుస్తున్నాయి.”

అతడు కూర్చుని టైపు చేశాడు. సిస్టమ్ పొరపాటు అని రాశాడు. నేను అతని భుజం వెనక నిలబడి చదివాను.

“సిస్టమ్ కాదు. నీ పేరు రాయి.”

“ఆల్విన్, నువ్వు ఊరుకో.”

“ఊరుకోను. ఆమె పేరు రాసినప్పుడు నువ్వు వెనకాడలేదుగా.”

చెరిపి, తన పేరు రాసి పంపాడు. తర్వాత ఆమె గంటలను మూడు రోజులకు సర్దాడు. మెరిన్ అలుగు లెక్క ముందు కూర్చుంది. ఒప్పందం కొనసాగుతుందని మధ్యాహ్నానికల్లా పైనుంచి జవాబు వచ్చింది. క్షమించమని ఆమెను ఎవరూ అడగలేదు.

నా కోపం చల్లారలేదు. సాయంత్రం ఆమె కోటు అందుకుని అతని గది ముందు నుంచే నడిచి వెళ్ళింది. గారెత్ తల తిప్పలేదు. తేదీ గీత పచ్చబడుతుందేమోనని తెర వైపే చూస్తున్నాడు.