రెండు పేర్ల గుమ్మడికాయ

గుడియాత్తంలో తాపీమేస్త్రీ జయరాములు చర్చికి పోబట్టి నాలుగేండ్లయింది. పక్కింటి అంబుజంతో మాటలు మానేసి నెల్లాళ్లయింది. కారణం గుమ్మడితీగ. ఆమె పెరట్లో మొలిచి, గోడెక్కి, ఇతని ఇంటికప్పు రేకుల మీద ఒకే ఒక పెద్ద కాయ కాసింది. వేరు నాదని ఆమె, బరువు మోసేది నా రేకులని ఇతను.

పండినదాంట్లోంచి చర్చికి కానుక తెచ్చే కోతల పండగ నాడు జయరాములు పొద్దున్నే ఆ కాయ కోసి, భుజానికెత్తుకొని పోయి చర్చిలో పీఠం ముందు పెట్టినాడు. అంత కాయ ఇంకెవురూ తేలేదు. దర్జాగా ముందు వరసలో కూర్చున్నాడు.

పాస్టరు బాలచంద్రన్ ఆవేళ ఇరుగుపొరుగు సంగతే ఎత్తుకున్నాడు. "నీ మీద ఎవురికన్నా మనసులో కష్టముంటే కానుక ఆడనే పెట్టు. ముందు పోయి వాళ్లతో సమాధానపడి, ఆమీట రా," అన్నాడు. ఆయన తన్నే చూస్తున్నట్టనిపించింది జయరాములుకు. నిజానికి ఆయన చూస్తున్నది గుమ్మడికాయను.

భార్య కోకిల మోచేత్తో పొడిచింది. "పో."

"ప్రార్థన అయినాక పోతా."

"ముందు పొమ్మనె గదా."

అందరూ చూస్తుండగా లేచి బయటికి నడిచినాడు.

అంబుజం కోసిన తొడిమను చేత్తో పట్టుకొని పెరట్లోనే నిలబడి ఉంది.

"అక్కా, కాయ నేనే కోసినా. తప్పయిపోయింది, మన్నించు."

"యాడుండాది కాయ?"

"చర్చిలో. దేవునికిచ్చినా."

"నా కాయ, నీ పేరుతోనా?"

జయరాములు తల వంచుకున్నాడు. ఆమె తొడిమను గోడ మీద పెట్టి, "తీగను నీ పక్కకు ఎక్కించింది నేనేలే. మా పెరట్లో ఎండ తగల్లేదు," అనింది. "ఉండు, చీర మార్చుకొనొస్తా."

"ఏంటికక్కా?"

"పేరు సరిచెయ్యాల గదప్పా."

ఇద్దరూ కలిసి లోపలికి రాగానే పాడేవాళ్లు ఒక చరణం తప్పినారు. నుదుట బొట్టు, తల్లో పూలతో అంబుజం నేరుగా పీఠం దగ్గరికి పోయింది. "అయ్యా, వేరు నాది, రేకులు ఇతనివి. ఇద్దరి పేర్లూ చెప్పండి."

ఆమె పేరే ముందు చెప్పమని జయరాములు అడిగినాడు. పాస్టరు అట్లే చెప్పి ప్రార్థన చేసినాడు.

మధ్యాహ్నం విందులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అంబుజం సాంబారు నోట్లో పెట్టుకొని, పులుపు చాల్లేదని లేచి వంటపాకలోకి పోయింది. ఆమె తిరిగొచ్చేదాకా జయరాములు అన్నం ముట్టలేదు.