మాస్టారి వీపు మోసిన పరుపు

నేను ఒక నీలిరంగు పరుపును. అలాగని నామీద ఎవరూ హాయిగా నిద్రపోలేదు. పొట్టనిండా ఆవగింజలంత తెల్లపూసలు పోసి నన్ను విశాఖపట్నంలోని ఒక కేన్సర్ ఆసుపత్రికి పంపారు. మనిషిని పడుకోబెట్టి నాలోని గాలి లాగేస్తే బిగుసుకుపోతాను. ఆ వీపు అచ్చు నాలో దిగిపోతుంది. రేడియేషన్ రోజూ ఒకేచోట తగలాలంటే మనిషి కదలకూడదు. ఆ పూచీ నాది. పేరు మాత్రం పక్కనున్న పెద్ద మెషీనుకు!

నేను మోసినవాటిలో పైడిరాజు మాస్టారిదే విశాలమైన వీపు. ‘కూత తెగితే ఔటే’ అంటూ నలభై ఏళ్లు ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిన మనిషి. ఊపిరితిత్తుల కేన్సర్ కాలేయం దాకా పాకాక వచ్చారు. మూడు వారాలకోసారి ఇమ్యూనోథెరపీ ఇంజెక్షను, దాంతోపాటు ఛాతీకి రేడియేషన్.

“ఆ మందు మీ ఒంట్లో కాపలావాళ్లను నిద్ర లేపుతుంది. రేడియేషన్ వాళ్లకు దొంగను చూపిస్తుంది. అందరికీ ఫలిస్తుందని మాటివ్వలేను మాస్టారూ,” అంది డాక్టర్ షహనాజ్. రేడియేషన్ ఇచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టాలనీ చెప్పింది.

“ఊపిరి ఎంతసేపు పట్టాల డాక్టరమ్మా? అది నాకొదిలీండి.”

ఊపిరి బిగపట్టినంతసేపే మెషీను పనిచేస్తుంది. మిగతావాళ్లు ఇరవై సెకన్లకే ఆయాసపడితే మాస్టారు ముప్పై పట్టేవారు. లేచి మీసం దువ్వుకునేవారు. నేనూ పొంగిపోయేదాన్ని.

నాలుగో వారంలో ముప్పై కాస్తా ఇరవై అయింది, తర్వాత పన్నెండు. అడిగితే పడిశమని బుకాయించారు. ఎక్కడ వైద్యం ఆపేస్తారోనని ఆయన భయం. ఆ వీపు ఎంత ఎగసిపడుతోందో నాకు తెలుసు. నోరులేనిదాన్ని, ఏం చెయ్యను?

ఓ ఉదయం పన్నెండో సెకనులో ఊపిరి వదిలేసి నా అంచు గట్టిగా పట్టుకున్నారు. “డాక్టరమ్మని పిలండి. పడిశం కాదు. కూత తెగిపోతంది. నాలుగు దినాల నుంచి దాసేను.”

షహనాజ్ పరుగున వచ్చి స్కాన్ తీయించింది. “కాపలావాళ్లు దొంగతోపాటు ఇంటివాళ్లనూ బాదుతున్నారు. ఇంకో వారం దాచి ఉంటే మీరు నాకు దక్కేవారు కాదు.”

అన్నీ ఆపి, ఊపిరితిత్తుల వాపుకు మందులిచ్చింది. ఆయాసం తగ్గాక మిగిలిన రేడియేషన్ నామీదే పూర్తయింది. ఆఖరి రోజున నాలోకి గాలి వదిలారు. ఆయన అచ్చు చెరిగిపోయింది.

ఆరు నెలలకు మాస్టారు మళ్లీ వచ్చారు. ఛాతీలో గడ్డ సగమైంది. రేడియేషన్ తాకని కాలేయంలో మచ్చలూ తగ్గాయి. ఘనత ఇంజెక్షనుదో, రేడియేషన్‌దో, రెండూ కలవడానిదో షహనాజ్ కూడా తేల్చలేకపోయింది. అప్పటికి నామీదకు కొత్తగా ఒక బక్కపలచని కుట్టుపనావిడ వస్తోంది. మాస్టారు గుమ్మం దగ్గర ఆమెను ఆపారు.

“ఊపిరాడకపోతే దాసీకమ్మా. కూత తెగిందని సెప్పడానికి సిగ్గేటి?”

ముప్పై సెకన్లు పట్టిన మాస్టారిని మోసినందుకు గర్వమే. పన్నెండో సెకనులో నోరు విప్పిన మాస్టారిని మోసినందుకు ఇంకా గర్వం.