జ్వరం మొదలైన దినం

కొలతల్లో తప్పులు ఎలా వస్తాయో పిల్లలకు నూరిపోయడంలో జ్యోత్స్న టీచరును మించినవాళ్ళు బెంగళూరు శివార్లలోని అత్తిబెలెలో ఆ బడిలో లేరు. గుంటూరు నుంచి వచ్చి ఆరేళ్ళుగా ఏడో తరగతికి సైన్సు చెబుతోంది. ఏ కొలతైనా మూడుసార్లు తీసుకోవాలి, తేడాగా కనబడ్డ అంకెను మళ్ళీ చూడాలి అని వల్లె వేయించేది. ఎదుటివాళ్ళకు చెప్పేటందుకే నీతులని ఊరికే అన్నారా?

ఆ శుక్రవారం ఒంటి వేడి కొలిచే ప్రయోగం. పిల్లలు నలభై రెండు మంది, థర్మామీటర్లు నాలుగు. వాటిలో ఒకటి ముందురోజే కిందపడింది. అందరికీ తొంభై ఎనిమిది దగ్గర్లో వస్తుంటే అర్పితకు మాత్రం నూట రెండున్నర వచ్చింది.

"మిస్, నాకు ఎక్కువ చూపిస్తా ఉండాది."

"అది కిందపడిందే అయ్యుంటుంది. తొంభై ఎనిమిదిన్నర అని రాసెయ్."

ఇంకో థర్మామీటరు పెట్టి చూడడానికి ఒక నిమిషం చాలు. కానీ గంట కొట్టేశారు. సోమవారం ఇన్‌స్పెక్షన్, పట్టికలు చక్కగా ఉండాలి. ఆ యావలో జ్యోత్స్న తర్వాతి బెంచీకి వెళ్ళిపోయింది.

సోమవారం అర్పిత బడికి రాలేదు. మధ్యాహ్నం వాళ్ళమ్మ శాంతమ్మ ఫోన్ చేసింది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో బట్టలు కుట్టే మనిషి, చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చేది.

"మిస్, డాక్టరు దగ్గర ఉండాము. డెంగీ అంట. జ్వరం ఏ దినం మొదలయిందో సరిగ్గా చెప్పమంటా ఉండారు. దాన్ని బట్టే ఆస్పత్రిలో పెట్టుకునేదీ లేనిదీ చెప్తారంట. నేను శనివారం సాయంత్రం చూసినాను. శుక్రవారం బడిలో ఎట్ల ఉండింది?"

 అర్పిత పెట్టుకున్న థర్మామీటరు మంచిదేనని జ్యోత్స్నకు ఆ క్షణంలో తెలిసిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఇన్‌స్పెక్టరు ఆ పట్టికలే తిరగేస్తున్నాడు, పక్కనే హెడ్‌మాస్టరు. ఒక్కరోజు తేడాకు ఏమవుతుందిలే అనుకుంది.

"బాగానే ఉందండీ. థర్మామీటరు పెట్టి చూశాం కూడా."

ఇంకా మూడో రోజే కదా, బుధవారం మళ్ళీ రక్తపరీక్షకు రండి అని డాక్టరు ఇంటికి పంపేశాడు. మంగళవారం సాయంత్రానికి పిల్ల కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఆటోలో ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

జ్యోత్స్న వాళ్ళింటికి వెళ్ళింది. నిజం చెప్పేద్దామనే వెళ్ళింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. గడపలో కాలు పెట్టగానే శాంతమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అంతమంది పిల్లోళ్ళలో కూడా మీరు నా బిడ్డను చూసినారు మిస్. శనివారం పనికి పోకుండా ఇంట్లో ఉండింటే నాకు పొద్దున్నే తెలిసేది. కన్నతల్లిని, నేనే చూసుకోలేదు. నా బిడ్డను నేనే చంపుకున్నాను."

జ్యోత్స్న నోరు తెరిచింది. 

"మిస్ ఏం చేస్తుంది పాపం, బడిలో బాగానే ఉండింది కదా," అంది పక్కింటి నంజమ్మ. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. వాళ్ళతో పాటు జ్యోత్స్న కూడా ఊపింది.