లోర్నా వంతు

లోర్నా నలభై మూడేళ్ల వయసులో, కూతురు టెస్సాతో పాటే కాలేజీలో చేరింది. సరస్సు ఒడ్డున ఉన్న ఆ మిన్నెసోటా ఊళ్లో రెండేళ్ల కాలేజీ ఒక్కటే ఉంది. అక్కడ చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం చదివితే యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదికి వెళ్లొచ్చు. రెండో ఏడాది చివర్లో ఇద్దరికీ యూనివర్సిటీలో సీటొచ్చింది. తత్వశాస్త్రం పాసైతేనే అది దక్కుతుంది.

ఆ పరీక్ష నోటితో. హాల్వర్‌సన్ మాస్టారు ప్రశ్న వేస్తాడు, లేచి నిలబడి వాదించాలి.

పరీక్ష రోజు ఉదయం కాలేజీ ముందు కారు ఆపగానే, "నువ్వు పద, వస్తా" అంది టెస్సా. రాలేదు. ఫోనూ ఎత్తలేదు. మాస్టారు ఆమె పేరు రెండుసార్లు పిలిచి, లోర్నా వైపు చూశాడు.

"సార్, ఒక్క నిమిషం. బయటికెళ్లొస్తాను."

"చివర్లో మీ ఇద్దర్నీ పిలుస్తాను లోర్నా గారూ. అప్పటికీ రాకపోతే నేనేం చెయ్యలేను."

కారు అద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి. టెస్సా కోటు చేతుల్లోకి వేళ్లు ముడుచుకుని కూర్చుంది.

"లేవవే. పిలిచేశారు."

"రాను. నాకీ చదువు మొదట్నించీ వద్దమ్మా. నేను చేరకపోతే నువ్వు చేరవని చేరాను."

"నీకు తోడుగా ఉందామని కదే నేను చేరింది?"

"అందరికీ అలాగే చెప్పావు. వంటింట్లో తలుపేసుకుని పైకి చదువుకునేది ఎవరు, నేనా?"

లోర్నాకు ఒళ్లు మండింది. "ఈ మాట అప్పుడే అనొచ్చుగా."

"అనుంటే ఇప్పటికీ ఆ ఆసుపత్రి వంటశాలలోనే సూపు కలుపుతుండేదానివి. వెళ్లమ్మా, నీ వంతు పోతుంది."

లోర్నా పరుగెత్తింది. మంచు మీద జారి మోకాలు కొట్టుకుంది. గదిలోకి వచ్చేసరికి అందరూ వెళ్లిపోతున్నారు, మాస్టారు పుస్తకాలు సంచిలో సర్దుతున్నాడు. ఆమెను చూసి ఆగాడు.

"ఒకరి మేలు కోసం వాళ్లకే అబద్ధం చెప్పొచ్చా?"

లోర్నా చెప్పకూడదని మొదలుపెట్టింది, సగంలో ఆగింది. "నాకు తెలీదు సార్. ఆ అబద్ధం నమ్మినవాళ్లకి కోపం మాత్రం వస్తుంది. మేలు జరిగినా వస్తుంది" అంది. ఆ కోపం ఎందుకొస్తుందో వాదించుకుంటూ పోయింది. మాస్టారు అడ్డు రాలేదు.

అత్తెసరు మార్కులతో పాసైంది. టెస్సా తప్పింది.

వేసవంతా ఇద్దరి మధ్యా మాటలు అంతంతమాత్రమే. టెస్సా పడవలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరింది. ఆగస్టులో తనే అమ్మను యూనివర్సిటీ హాస్టల్లో దింపి, పెట్టెలు మోసి పెట్టింది.

"వచ్చే ఏడు ఆ ఒక్క పరీక్షకీ వెళ్లకూడదూ?" అంది లోర్నా.

"మొదలెట్టకమ్మా" అని టెస్సా కారెక్కింది.

లోర్నా లోపలికెళ్లి తన గది ఎక్కడో అడిగింది.